వాగు మీది కమాను

“పర్వతాలు పేరు చెప్తే మనకేం పోతది?” అని రఘుపతి తమ్ముడి గురించి మళ్ళీ అదే మాట అన్నాడు. “వాడు ఎట్లాగూ అడవిలనే ఉన్నడు. వాని మీద ఉన్న కేసులల్ల ఇదొకటి కలుస్తది. అంతే గదా.”

కృష్ణమ్మ ముందు పళ్ళెంలో జొన్నరొట్టె విరవకుండా అలాగే ఉంది. ఆమె పెద్దకొడుకు మొహం చూడలేదు.

“అంతేనా?” అంది.

“అంతే.”

“వాడు చేసిండని నీకెవరు చెప్పిన్రు?”

“చెయ్యలేదని నీకెవరు చెప్పిన్రు?”

కృష్ణమ్మ పళ్ళెం పక్కకు జరిపి లేచిపోయింది.

పొయ్యి దగ్గర కూర్చున్న కౌసల్య భర్తనూ అత్తనూ మార్చి మార్చి చూసింది. నిన్న పొద్దుటి నుంచీ ఇంట్లో ఇదే తీరు. మాట మొదలవుతుంది, తెగిపోతుంది. మళ్ళీ ఎవరో ఒకరు దాన్నే ఎత్తుకుంటారు.

నిన్న తెల్లవారేసరికి వాగు మీది కమాను కూలిపోయి ఉంది. రఘుపతి ఎండాకాలమంతా నిలబడి కట్టించిన రాతి కమాను వంతెన అది. సున్నం ఇంకా ఆరలేదు. ఆరేదాకా మోయడానికి కింద దుంగలు నిలబెట్టారు. ఎవరో వాటిని లాగేశారు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా అచ్చంపేటకు వేస్తున్న సడక్‌కు ఆ వాగే ఆఖరి అడ్డు. అది దాటితే బస్సు ఊళ్ళోకి వచ్చేది.

అవతలి గట్టు మీద, అడవిలోని కమ్యూనిస్టు సంఘం వాళ్ళను పట్టుకోవడానికి వచ్చిన మిలిటరీ క్యాంపు ఉంది. లారీలు ఇసుకలో దిగబడతాయని వాళ్ళు అక్కడే డేరాలు వేసుకున్నారు. నిన్న మధ్యాహ్నం వాళ్ళే వచ్చి, కమాను దగ్గర కాపలా పడుకునే రాళ్ళపని భిక్షపతిని పట్టుకుపోయారు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కిరాణం వెంకటయ్య వచ్చాడు. వెనుక ఊరి పెద్దలు ఇద్దరున్నారు. రఘుపతి మంచం వాల్చాడు గానీ ఎవరూ కూర్చోలేదు.

“ఓవర్సీరు పొద్దున కబురు పెట్టిండు,” అన్నాడు వెంకటయ్య. “చేసినోణ్ణి చూపెట్టకుంటే సడక్ ఇటు రాదట. వాగు జోలికి రాకుండ తూర్పు ఊర్ల మీదికెళ్ళి మలుపుతరట. కాయితాలు ఇయ్యాల పొద్దుగూకినంక పోతయట.”

“నన్నేం చెయ్యమంటవు శేటు?”

“నీకు తెల్వదా? క్యాంపుకు పోయి నీ తమ్ముని పేరు చెప్పు. వాని అన్నవు, నువ్వే చెప్తే వాళ్ళు నమ్ముతరు. భిక్షపతిని ఇడుస్తరు, పని మొదలయితది.”

రఘుపతి తల వంచుకున్నాడు.

“జడ్చర్ల టేషన్ పడక ముందు ఆడ ఏముండె చెప్పు,” వెంకటయ్య గొంతు తగ్గించాడు. “తుమ్మచెట్లు. రైలు వచ్చినంక గంజి బజారు పడ్డది. మన పల్లికాయ, మన చింతపండు, అడవోళ్ళు తెచ్చే తేనె, బంక, అన్నీ ఆడికే పోయి ఆడోడు చెప్పిన ధరకే పడుతున్నయి. ఎందుకు? వానికి తొవ్వ ఉన్నది, మనకు లేదు. నా నూనె మిల్లు ఇంజను టేషన్ల గోనెపట్టా కింద పడి ఉన్నది. ఏ బండి మోస్తది దాన్ని ఈ ఇసుకల? మిల్లు నడిస్తే హమాలీలు గావాలె, డబ్బాలు కొట్టేటోళ్ళు గావాలె. బస్సు దిగినోనికి చాయ గావాలె, పండనీకి జాగా గావాలె. ఒక్క బస్సు ఆగుతే దాని సుట్టు ఊరు లేస్తది. ఆ బస్సు తూర్పు దిక్కు ఆగిందనుకో, మన పిల్లలు ఆడికి కూలికి, కైకిలికి పోతరు. ఒక్కని కోసం ఊరు ఎండాల్నా?”

ఇంట్లోంచి కృష్ణమ్మ దగ్గు వినబడింది. బయటికి మాత్రం రాలేదు.

“పొద్దుగూకేవరకు వస్తం. తయారుండు,” అని వెంకటయ్య వెళ్ళిపోయాడు.

కొట్టంలో ఎడ్లు కదిలాయి. ఇంటి పెద్ద రామచంద్రయ్య అక్కడే ఉన్నాడు. అతను జన్మంతా కిరాయి బండ్లు తోలినవాడు. కొడుకు సడక్ పని పట్టినప్పటి నుంచి బండ్లకు గిరాకీ పోతుందని గొణుగుతూనే ఉన్నాడు. నిన్నటి నుంచి మాత్రం ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది.

*

సాలమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. భిక్షపతి భార్య. సడక్ పనిలో కంకర మోస్తుంది. ఎన్నడూ పెరటి గుమ్మం దాకా రాని మనిషి, ఇవాళ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“నీళ్ళు తాగుతవా సాలమ్మా?” అంది కౌసల్య.

“వద్దమ్మ.”

“క్యాంపుకు పోయినవా?”

“పోయిన. లోపలికి పోనియ్యలే. కంచె అవతల కూసున్న. ఇనబడుతాంది.”

ఏం వినబడుతోందో కౌసల్య అడగలేదు.

“ఎవరు చేసిన్రో చెప్పుమని కొడుతున్రు. ఆయన నోరు ఇప్పుతలేడు.”

“చీకట్ల ఎవరో కనబడలేదేమో.”

“కనబడ్డరు.” సాలమ్మ తిన్నగా ఆమె కళ్ళలోకి చూసింది. “తెల్లారక ముందే నేను ఆయనకు జొన్న గటక తీసుకపోయిన. నేను గూడ చూసిన. ఎడ్లను కట్టి దుంగలు గుంజుతున్నడు. మా ఆయన అడ్డం పోయి చేతులు వట్టుకున్నడు. జరుగు భిక్షపతీ అన్నడు. ఈయన జరిగిండు.”

కౌసల్య చేతిలోని చేట కింద పెట్టింది.

“ఎవరు?”

“మీ మామ.”

పెరట్లో గాలి దుమ్ము లేపింది. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ము పోయాక మళ్ళీ మాట్లాడింది.

“రజాకార్లు వచ్చిన నాడు మా వాడకట్టును పెద్దయ్యనే బండ్ల మీద అడవిల దింపిండు. ముసలోళ్ళు, సంటి పిల్లలు, అందరిని. అది మతికుంచుకొని నా మొగడు దెబ్బలు తింటున్నడు. నాకు గూడ మతికున్నది. కని ఇంక ఎంత తింటడమ్మ? రాళ్ళు కొట్టే చెయ్యి అది. చెయ్యి పోతే మేమేం గావాలె?”

“నాతోని ఎందుకు చెప్పినవు?”

“మొగోళ్ళకు చెప్తే వాళ్ళు వాళ్ళు మాట్లాడుకొని మా నోరు మూపిస్తరు.” సాలమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. “ఈ తొవ్వకే ఎన్కట నేను వెట్టికి మట్టి మోసిన. ఎండల పడి లేస్తే దొర జీతగాడు కాలుతోని తన్నిండు. ఇప్పుడు మోస్తే వారం వారం నా చేతిల పడుతున్నది. నాకు సడక్ గావాలె కౌసల్యమ్మ. నా మొగడు గూడ గావాలె. రెండిట్ల ఒకటి ఇడువమని నన్ను ఎవ్వరు అడగొద్దు.”

ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. కౌసల్య చాలాసేపు అక్కడే నిలబడింది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చాక గానీ కదలలేదు.

*

రామచంద్రయ్య ఎడ్లకు చొప్ప వేస్తున్నాడు. కోడలు కొట్టంలోకి రావడం చూసి పక్కకు తిరిగాడు.

“మామా, సాలమ్మ వచ్చింది.”

అతను చొప్ప పరుస్తూనే ఉన్నాడు.

“చూసిందట.”

చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

“బండ్ల గిరాకీ పోతదనా?” అంది కౌసల్య. 

“బండ్లు నాతోని మొదలయినయా, నాతోని పోతయా. బస్సు వస్తే బండ్లు పోతయి. నాకు ఎరుక లేదా? అది ఫికరు కాదు బిడ్డ.”

“మరి?”

రామచంద్రయ్య బండి నొగ మీద కూర్చున్నాడు. ఒకసారి వాగు వైపు చూశాడు.

“రజాకార్లు లారీలల్ల వచ్చిన్రు. ఆ గట్టుకాడ దిగి నడిచిన్రు. వాళ్ళు నడిచి వచ్చేవరకు ఊరు ఖాళీ అయింది. అటుదిక్కు సడక్ ఉన్న ఊర్లకు నేరుగ పోయిన్రు. ఆ ఊర్లకు తర్వాత నేను బండి తోలుకపోయిన. ఏం తెచ్చిన్నో నీకు చెప్పలే, మీ అత్తకు చెప్పలే. తొవ్వ లేకనే మనం బతికినం.”

“అది అప్పుడు గద మామా. ఇప్పుడు రజాకార్లు లేరు.”

“లారీలున్నయి. రోజు కమాను కాడికి వచ్చి ఎందుకు చూస్తున్రు వాళ్ళు? బస్సెక్కి జడ్చర్ల పోతందుకా? కమాను నిలవడ్డ తెల్లారి లారీలు ఊరు దాటి అడవి అంచుకు పోతయి. ఆడ నా చిన్నోడు ఉన్నడు. ఒక కొడుకు తొవ్వ ఏస్తడు, ఆ తొవ్వ మీద పోయి వాళ్ళు ఇంకో కొడుకును కాలుస్తరు. నేను కొట్టంల కూసొని ఎడ్లకు చొప్ప ఏసుకుంట చూడాల్నా?”

 పర్వతాలు కౌసల్య కళ్ళ ముందు పెరిగినవాడే. సంఘంలో చేరిన రోజు వదినకు మాత్రమే చెప్పి వెళ్ళాడు.

“భిక్షపతి సంగతేంది మామా?”

అతను చొప్ప పరక ఒకటి తీసి తుంచాడు.

“చెయ్యి ఇరుగుతదట.”

“ఎవ్వరు దొరకరనుకున్న,” అన్నాడు రామచంద్రయ్య చాలా మెల్లగా. “సంఘపోళ్ళ పేరు చెప్పుకొని ఊకుంటరనుకున్న.”

“అట్ల పర్వతాలు పేరే ముందుకొచ్చింది. పొద్దుగూకంగ ఈయన పోయి అదే చెప్తున్నడు.”

ఈసారి ఆయన తలెత్తి చూశాడు. ఆ చూపు తట్టుకోలేక కౌసల్య బయటికి వచ్చేసింది.

*

పొద్దువాటారుతుండగా వెంకటయ్య వచ్చాడు. రఘుపతి రుమాలు చుట్టుకుని, చెప్పులు తొడుక్కుంటున్నాడు.

కృష్ణమ్మ గడప మీద కూర్చుంది. దాటిపోవాలంటే ఆమెను తొక్కుకుంటూ పోవాలి.

“జరుగమ్మా.”

“జరుగ.”

“ఊరందరి బతుకు ఇది. నా ఒక్కని కోసం అడుగుతలేను.”

“వాని పేరు చెప్తే కనబడ్డ కాడ కాలుస్తరు. ఇప్పటిదాక పట్టుకుంటె జైల్లన్న ఏస్తుండిరి.”

“వాడు చెయ్యలేదని అంత గట్టిగ ఎట్ల చెప్తవు?”

 అప్పుడు కౌసల్య గుంజ దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

“మీ తమ్ముడు కాదు,” అంది.

రఘుపతి భార్య వైపు తిరిగాడు. “మరి ఎవరు?”

ఆమె కొట్టం వైపు చూసింది. మామ అక్కడ మోకు చుట్టి కొయ్యకు తగిలిస్తున్నాడు. ఆయనే చెప్పాలని, ఆయన చెప్పడానికి ఇంకా సమయం ఉందని ఆమె మనసులో అనుకుంటూనే ఉంది. ఆయన మోకు మళ్ళీ తీసి మళ్ళీ చుట్టాడు.

రఘుపతి ఆ చూపు వెంట చూశాడు. చూస్తూ చూస్తూ గడప లోపలే కూలబడ్డాడు.

“బాపూ?”

“తెల్లారి ఎడ్లు మోకాళ్ళ దాక తడి ఇసుకతోని వచ్చినయి,” అంది కృష్ణమ్మ నేలను చూస్తూ. “నేనే కడిగిన.”

వెంకటయ్య ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. “పటేలా, నువ్వా?”

“నేనే,” అన్నాడు రామచంద్రయ్య.

 అవతలి గట్టున లారీ ఇంజను మోగి ఆగిపోయింది. మొదట తేరుకున్నది వెంకటయ్యే. దగ్గరికి వచ్చి రఘుపతి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇన్నది ఇన్నట్టు ఈ వాకిట్లనే ఇడిసిపెడ్దాం. ముసలాయనను క్యాంపుల పెడ్తే బతుకుతడా? పర్వతాలు పేరే ఉండనియ్యి. వాడు దొరకడు, ఈయనకేం కాదు, భిక్షపతి ఇంటికొస్తడు. ఎవరికి నష్టం?”

రఘుపతి కాదనలేదు. కౌసల్య భర్త మొహం చూస్తూ ఉంది. ఆ మొహంలో ఒప్పుకోలు మెల్లగా వస్తుండడం ఆమెకు కనిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతన్ని చూసి భయపడడం అదే మొదటిసారి.

“నేను చేసిన పని నా కొడుకు నెత్తిన పెడ్తరా?” అన్నాడు రామచంద్రయ్య.

మోకు కింద పడేసి వాకిట్లోకి వచ్చాడు. గడప మీదున్న భార్య వైపు ఒకసారి చూశాడు. వాగు దారి పట్టాడు. కౌసల్య అతని వెనుకే నడిచింది. ఎవరూ ఆపలేదు.

*

క్యాంపు కంచె దగ్గర సాలమ్మ ఇంకా కూర్చునే ఉంది. వాళ్ళను చూసి లేచింది.

సుబేదారు డేరా ముందు కుర్చీలో ఉన్నాడు. పక్కన ఓవర్సీరు నిలబడి తెలుగు మాటలను అతని భాషలోకి మార్చి చెప్పాడు. రామచంద్రయ్య చేతులు కట్టుకోలేదు, వంగలేదు. కమాను నేనే కూల్చిన, ఎడ్లు నావే, ఇంకెవరూ లేరు అన్నాడు. ఎందుకు అని అడిగితే, లారీలు అటు రావద్దని అన్నాడు.

సుబేదారు నవ్వలేదు, కోప్పడలేదు. నీ చిన్నకొడుకు ఎక్కడ అని మాత్రం అడిగాడు.

“నాకెరుక లేదు.”

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

భిక్షపతిని వదిలారు. అతను ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని నడిచి వచ్చాడు. రామచంద్రయ్య ఎదురుపడగానే ఆగాడు.

“ఎందుకొచ్చినవు పెద్దయ్య?”

రామచంద్రయ్య అతని చేతిని చూసి తల తిప్పుకున్నాడు. సాలమ్మ ఏమీ అనకుండా మొగుణ్ణి పట్టుకుని నడిపించుకుపోయింది. కౌసల్య పక్క నుంచే వెళ్ళింది, గానీ ఆమె వైపు చూడలేదు.

అప్పటికి రఘుపతి పరుగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతూ కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఓవర్సీరు అతన్ని పక్కకు పిలిచాడు.

“సుబేదారు సాబ్ ఒక మాట చెప్పమన్నారు. సడక్ మలపడం లేదు. ఇక్కడే దాటాలి. వానలు పడకముందు నువ్వు కమాను మళ్ళీ నిలబెట్టు. దాని మీద మొదటి లారీ దాటిన రోజు మీ నాన్నను ఇంటికి పంపిస్తారు.”

“నిలబడకపోతే?”

ఓవర్సీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నిలబెట్టు రఘుపతీ,” అన్నాడు.

లోపల రామచంద్రయ్యను డేరాలోకి తీసుకుపోతున్నారు. ఆ మాట ఆయనకూ వినబడింది. వెనక్కి తిరిగి కొడుకుతో గట్టిగా అన్నాడు.

“కట్టకు. నేను ఈడనే ఉంట. నువ్వు మాత్రం కట్టకు.”

*

 ఇంటికి వచ్చాక రఘుపతి అన్నం దగ్గర కూర్చుని లేచాడు. మంచం మీద పడుకుని లేచాడు. వాకిట్లోకి వెళ్ళి వచ్చాడు.

“నువ్వు ఎందుకు నోరిప్పినవు?” అన్నాడు చివరికి. “నేను ఒక అబద్ధం చెప్తే తీరిపోతుండె.”

“ఎట్ల తీరుతుండె? నీ తమ్ముని మీద పడుతుండె.”

“ఇప్పుడు ఎవరి మీద పడ్డది?”

కౌసల్య ఆరిపోతున్న దీపం వత్తి ఎగదోసింది.

“కడితే వాడు పోతడు. కట్టకుంటే బాపు పోతడు. కట్టకుంటే ఊరు గూడ పోతది. ఏం చెయ్యమంటవో నువ్వే చెప్పు.”

“నన్ను అడగకు,” అంది కౌసల్య. అని, ఆ మాట తనకే సిగ్గుగా తోచి మొహం తిప్పుకుంది. మామను క్యాంపు దాకా నడిపించింది తనే. ఇప్పుడు తనను అడగొద్దంటోంది.

కృష్ణమ్మ ఇద్దరి మాటలూ వింటూనే ఉంది.  మధ్యలో లేచి పెరట్లోకి పోయింది. వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లవారాక రఘుపతి వాగు దగ్గరికి వెళ్ళాడు. పని చేయించడానికి వెళ్ళాడో, కూలిన రాళ్ళు చూడడానికి వెళ్ళాడో అతనికే తెలియదు. కూలీలు వచ్చి గట్టు మీద గుంపుగా కూర్చున్నారు. ఊళ్ళో కథంతా అప్పటికే తెలిసిపోయింది. ఎవరూ ముందుగా లేవలేదు. సాలమ్మ కూడా వచ్చింది. గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

వెంకటయ్య దూరంగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి రావడానికి ధైర్యం చాలలేదు.

ఊరి వైపు నుంచి ఒక మనిషి వస్తుండడం, భర్త వెంట వచ్చిన కౌసల్య మొదట చూసింది. కొంగు నడుముకు దోపి, నెత్తి మీద బట్ట చుట్ట పెట్టుకుని కృష్ణమ్మ వస్తోంది. కైకిలికి ఎన్నడూ పోని మనిషి. ఎవరినీ పలకరించకుండా ఇసుకలోకి దిగింది. సాలమ్మ ముందు ఆగింది.

“గంప ఇస్తవా?”

సాలమ్మ లేచి గంప ఇచ్చింది.

కృష్ణమ్మ కూలిన రాళ్ళ దగ్గరికి పోయి, కొడుకు ముందు గంప పెట్టింది. 

“అమ్మా, ఈ సడక్ యాడికి పోతదో నీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

ఆమె కళ్ళు అడవి వైపు పోలేదు, క్యాంపు వైపూ పోలేదు. గంప మీదే ఉన్నాయి.

“రాయి ఎత్తు,” అంది.